చేతికి తెలిసే దుస్తులు: బ్రెయిలీ చుక్కలకంటే ముందు ఆలోచించవలసినవి

ఫ్యాషన్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్న మీరు అంధత్వాన్నీ స్పర్శనూ ఆధారంగా తీసుకుని ఆరు జతల దుస్తులు రూపొందించబోతున్నట్లు, నల్లటి బట్ట మీద తెల్లటి బ్రెయిలీ చుక్కలను ఉబ్బెత్తుగా ముద్రించి, కళ్ళకు గంతలు కట్టుకున్న మోడళ్ళతో ప్రదర్శించాలని అనుకుంటున్నట్లు రాశారు. చుక్కలు ఏ పరిమాణంలో ఉండాలి, ఏ బట్టలు వాడాలి, ప్రదర్శన ఎలా జరపాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను 26 ఏళ్ళుగా చేనేత బట్టతో దుస్తులు రూపొందిస్తున్నాను. వాటిలో చివరి 11 ఏళ్ళు చూపు లేనివారితో కలిసి పనిచేస్తూ వచ్చాను. మీ మూడు ప్రశ్నలకూ సమాధానం చెబుతాను. అయితే వాటికి ముందు మీరు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఈ దుస్తులను ఎవరు, ఎప్పుడు, శరీరంలోని ఏ భాగంతో తాకుతారు? మీరు రాసినదాంట్లో చూసేవారు కనిపించారు, తాకేవారు కనిపించలేదు.

మీరు అనుకున్నదే నేనూ ఒకప్పుడు చేశాను. కుర్తాల వీపు మీద పఫ్ ప్రింటుతో (వేడికి ఉబ్బే రంగుతో వేసే ముద్రతో) బ్రెయిలీలో తెలుగు మాటలు వేయించి, దూరం నుంచి కూడా బాగా కనబడాలని ఒక్కొక్క చుక్కను శనగగింజంత చేశాను. బ్రెయిలీ నేర్పే ఒక ఉపాధ్యాయురాలిని పిలిచి చూపించినప్పుడు, పుట్టుకతో చూపు లేని ఆమె రెండు చేతులతో ఆ వీపంతా తడిమి, ఇవి చుక్కలే గాని అక్షరాలు కావని చెప్పారు. ఆ తరువాత, "ఇది మనిషి తొడుక్కున్నాక ఎవరు చదువుతారు? నేను చదవాలంటే ఆ మనిషి వీపు నిమరాలి కదమ్మా" అన్నారు. నాలుగైదు ఉతుకులకు ఆ ముద్ర పగిలి పొట్టు రాలింది గాని, అప్పటికే ఆ పనిని నేను పక్కన పెట్టేశాను. అంధత్వం గురించి చూపున్నవారి కోసం చేసిన బట్ట అది. అందులో స్పర్శకు చోటు లేదు.

చుక్కల కొలత విషయానికి వస్తే, బ్రెయిలీ ఒక గడిలో రెండు నిలువు వరుసలుగా ఆరు చుక్కలు ఉంటాయి. చుక్క ఎత్తు సుమారు 0.5 మిల్లీమీటరు, ఒకే గడిలోని పక్కపక్క చుక్కల నడుమ దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు, ఒక గడి నుంచి పక్క గడికి సుమారు 6 మిల్లీమీటర్లు, పంక్తికీ పంక్తికీ మధ్య సుమారు 10 మిల్లీమీటర్లు. ఈ కొలతలు అందం కోసం పెట్టుకున్నవి కావు. గడి మొత్తం ఒక్క వేలికొన కింద ఇమిడితేనే అక్షరం ఒకేసారి తెలుస్తుంది. చుక్కలను పెద్దవి చేస్తే వేలు ఒక్కొక్క చుక్కనూ వెతుక్కోవలసి వస్తుంది, చదవడం సులువు కావడానికి బదులు కష్టమవుతుంది. లూయీ బ్రెయిలీ 1824 నాటికి, 15 ఏళ్ళ వయసులో, షార్ల్ బార్బియే రూపొందించిన 12 చుక్కల పద్ధతిని సగానికి తగ్గించడంలో ఉన్న తెలివి ఇదే. (ఆయన తండ్రి గుర్రాల జీనులు కుట్టే పనివాడు. మూడేళ్ళ వయసులో తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె గుచ్చుకుని పిల్లవాడి చూపు పోయింది. కుట్టుపని చేసే మనకు ఈ సంగతి మరింత దగ్గరగా తగులుతుంది.) తెలుగు బ్రెయిలీ 1951 నుంచి వాడుకలో ఉన్న, భారతీయ భాషలకు ఉమ్మడిదైన భారతి బ్రెయిలీ వరుసలోనిది. గుణింతపు గుర్తులు అక్షరం పైకీ కిందికీ పోవు. "కి" రాయాలంటే "క" గడి పక్కన "ఇ" గడి వస్తుంది. అందుచేత మాట పొడవవుతుంది. చిన్న మాటకు కూడా మూడు నాలుగు సెంటీమీటర్ల చోటు కావాలని ముందే లెక్క వేసుకోండి.

మెత్తని బట్ట మీద 0.5 మిల్లీమీటరు ఎత్తు నిలవడం కష్టం, ఎందుకంటే వేలు నొక్కగానే చుక్కతోపాటు బట్ట కూడా లోపలికి పోతుంది. కాబట్టి బ్రెయిలీని వాడదలిస్తే, కింద గట్టి ఆధారం ఉన్న చోట్లే వాడండి: బకరం (బిగువు కోసం లోపల వేసే గట్టి గుడ్డ) వేసిన కాలరు లోపలి వైపు, కఫ్ అంచు, నడుంపట్టీ లోపలి భాగం, లేదా విడిగా కుట్టిన లేబుల్. చిన్న పూసలతో గాని, ఒకే బిగువున వేసిన ఫ్రెంచ్ నాట్ ముడులతో గాని చుక్కలు కుట్టవచ్చు. కెనడాలోని ఐల్ డిజైన్ అనే సంస్థ పూసలతో బ్రెయిలీ కుట్టిన దుస్తులు తయారుచేస్తోంది. ఏం రాయాలన్నది మరో సంగతి. "ప్రేమ", "వెలుగు" వంటి మాటలు ఎవరికి కావాలో నాకు తెలియదు. "ముదురు నీలం, చల్లటి నీటిలో ఉతకాలి" అన్న పంక్తి మాత్రం తొడుక్కునే మనిషికి ప్రతి వారం పనికొస్తుంది. ఇంకొక సంగతి మరువకండి. చూపు లేనివారందరికీ బ్రెయిలీ రాదు. నడివయసు దాటాక చూపు పోయినవారిలో చాలామంది దాన్ని నేర్చుకోరు. అక్షరం రానివారి చేతికి కూడా అర్థమయ్యే బట్టే మీ అసలు పరీక్ష.

ఇక స్పర్శ సంగతి. మనం ఒక్క మాటగా చెప్పుకునే ఈ స్పర్శలో, దుస్తుల వరకూ చూస్తే, వేరువేరుగా పనిచేసేవి రెండున్నాయి. బట్టను చేత్తో పట్టి తెలుసుకోవడం ఒకటి, తొడుక్కున్న బట్ట ఒంటికి తగలడం మరొకటి. 19వ శతాబ్దిలో ఎర్నెస్ట్ వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కంపాసు రెండు మొనలను చర్మానికి ఆనించి, అవి రెండని తెలియడానికి ఎంత ఎడం కావాలో శరీరమంతా కొలిచాడు. వేలికొన మీద సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం చాలు. వీపు మీద సుమారు 40 మిల్లీమీటర్లు కావాలి. దీన్నిబట్టి, మీరు ఎంతో శ్రమపడి కుట్టే సన్నని బుటా చేతికి స్పష్టంగా తెలిసినా, వీపుకు ఒక మొద్దు తగులుడుగానే తెలుస్తుంది. పైగా చర్మం మార్పును పట్టుకుంటుంది గాని, మార్పు లేకుండా ఉన్నదాన్ని కాసేపటికే వదిలేస్తుంది. ఉదయం తొడుక్కున్న చొక్కా పది నిమిషాల తరువాత ఒంటి మీద ఉన్నట్లే అనిపించకపోవడం అందువల్లనే. నడిచినప్పుడు పిక్కకు తగిలే అంచు, చెయ్యి చాపినప్పుడు మణికట్టు మీద జరిగే కఫ్, తల తిప్పినప్పుడు మెడకు ఒరిసే కాలరు, ఇటువంటి కదిలే చోట్లలోనే బట్ట తన ఉనికిని రోజంతా తెలుపుతూ ఉంటుంది. ఒంటి కోసం చేసే రూపకల్పన అక్కడ ఉండాలి. చేతి కోసం చేసేది చెయ్యి సహజంగా పోయే చోట ఉండాలి.

ఒంటి స్పర్శలో హాయి కలిగించే భాగం కూడా ఒకటుంది. ముంజేతి వంటి నూగు ఉన్న చర్మంలో, సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరినప్పుడు బాగా స్పందించే నరాలు ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధనలు తెలిపాయి. తల్లి బిడ్డ చెయ్యి నిమిరే వేగం ఇంచుమించు అదే. వదులైన చేతుల్లో పలుచని నూలు లైనింగు వేస్తే, చెయ్యి ఊపుతూ నడిచేటప్పుడు అది ముంజేతిని ఈ విధంగానే తాకుతుంది. మీ ఆరు జతల్లో కనీసం ఒకదాన్ని, పైనుంచి చూసేవారికి ఏమీ కనబడకుండా, లోపలి వైపు మాత్రమే రూపకల్పన చేసినదిగా ఉంచమని నా సలహా.

చేతి స్పర్శ దగ్గర మీరు మరింత శ్రద్ధ పెట్టాలి. సూసన్ లెడర్‌మన్, రాబర్టా క్లాట్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో, మనుషులు వస్తువును చేత్తో తెలుసుకునేటప్పుడు ఏ లక్షణానికి ఏ కదలిక వాడుతారో గమనించి రాశారు. గరుకుతనం కోసం వేళ్ళను అటూ ఇటూ రాస్తారు, మెత్తదనం కోసం నొక్కుతారు, చల్లదనం కోసం కదలకుండా ఆనిస్తారు, బరువు కోసం పైకెత్తి పట్టుకుంటారు, రూపం కోసం పిడికిట్లో పట్టడమో అంచు వెంట వేలు నడపడమో చేస్తారు. మన బట్టల దుకాణంలో అనుభవం ఉన్న పెద్దావిడ చీరను ఎలా చూస్తుందో గుర్తు తెచ్చుకోండి. కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, మడతను అరచేతిలో తూచి, అంచు వెంట గోరు నడిపి, చివరకు పిడికిట్లో బిగించి వదులుతుంది. పరిశోధకులు పట్టిక వేసినదాన్ని ఆమె చేతులు ఎప్పటినుంచో చేస్తున్నాయి. మీ దుస్తుల్లో ఈ కదలికల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోట పని కల్పించండి. గరుకూ నునుపూ ఒక్కటే పట్టుకుని ఆరు జతలూ చేస్తే స్పర్శలో ఐదో వంతు మాత్రమే వాడినట్లవుతుంది.

ఈ విషయాల్లో నాకు తొలి గురువు మా మేనత్త. నీటికాసుల జబ్బుతో ఆమెకు నలభై దాటాక చూపు పూర్తిగా పోయింది. బీరువాలో ముప్పై దాకా చీరలుండేవి, ఏ చీర కావాలన్నా ఆమే తీసుకునేది. అంచు వెడల్పును వేళ్ళతో కొలిచేది, కొంగు బరువు చూసేది, రెండు చీరలు మరీ ఒకేలా ఉంటే ఫాల్ కుట్టిన కుట్టు ఎడాన్ని తడిమి తేల్చుకునేది. ఏ జాకెట్టు ఏ చీరకో తెలియడానికి, నా చేత చీర లోపలి మూలనా జాకెట్టు లోపలి పట్టీకీ ఒకే లెక్కన దారపు ముడులు వేయించుకుంది. ఒకటి, రెండు, మూడు వరకు సరిపోయింది. నాలుగు ముడులయ్యేసరికి లెక్క తప్పుతోందని, నాలుగో చీర నుంచి ముడికి బదులు చిన్న ఉంగరపు కుట్టు వేయమంది. గుర్తులను సంఖ్యతో పెంచుకుంటూ పోకూడదు, ఆకారం మార్చాలి అన్న సూత్రం నాకు అలా తెలిసింది. ఇప్పటికీ అదే పాటిస్తున్నాను. రంగుల మీద ఆమెకు పట్టింపు పోలేదు. నెమలికంఠం చీర వెలిసిందా, కట్టుకుంటే నలుగురిలో బాగుంటుందా అని ప్రతిసారీ అడిగేది. చూపు లేనివారికి రంగుతో పనేముంది అన్న ఊహ మీ కాగితాల్లో ఎక్కడైనా ఉంటే దయచేసి కొట్టివేయండి. తాము చూడకపోయినా, ఇతరులు తమను చూస్తున్నారని వారికి తెలుసు.

ఏ బట్టలు వాడాలన్న మీ రెండో ప్రశ్నకు మన నేతల్లోనే మంచి సమాధానాలున్నాయి. అయితే కంటికి ఎంత గొప్పగా ఉన్నా చేతికి ఏమీ చెప్పని నేతలు కొన్ని ఉన్నాయని ముందుగా గ్రహించాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును నేతకు ముందే కట్టి రంగు అద్దుతారు, నేత మాత్రం సాదాదే. ఆ పటోలా గళ్ళూ ఏనుగులూ వేలికి తగలవు. మచిలీపట్నం అద్దకం, శ్రీకాళహస్తి కలంకారీ కూడా అంతే. వాటి గొప్పదనం కంటిది. ఉప్పాడ జాందానీలో బుటా కోసం అదనపు పేకను (అడ్డపోగును) చేత్తో ఎక్కిస్తారు కనుక, ఆ చోట బట్ట కొంచెం దళసరై, పువ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలుస్తుంది. సిద్దిపేట గొల్లభామ కూడా అదనపు పేకతో నేసేదే. తల మీద కుండతో ఉన్న ఆ బొమ్మను వరుసగా తడుముకుంటూ పోవచ్చు. గద్వాల చీర ఇంకా గొప్ప పాఠం చెబుతుంది. ఒడలు నూలుది, అంచూ కొంగూ పట్టువి. నూలు ముగిసి పట్టు మొదలయ్యే గీత దగ్గర గరుకు నుంచి నునుపుకు, వెచ్చదనం నుంచి చల్లదనానికి, తేలిక నుంచి బరువుకు మారడం ఒక్క అంగుళంలో జరిగిపోతుంది. కళ్ళు మూసుకున్నా ఆ గీతను తప్పిపోవడం అసాధ్యం. మీ ఆరు జతలకూ ఒక మూలసూత్రం కావాలంటే నేను ఈ గీతనే సూచిస్తాను. స్పర్శకు అర్థాన్నిచ్చేది ఒక పదార్థం పక్కన మరొకటి ఉండటం. ఒంటరిగా ఉన్న మెత్తదనం చేతికి త్వరలోనే అలవాటైపోతుంది.

మంగళగిరి నూలుబట్టను నేపథ్యంగా వాడుకోండి. ఒడలి మీద బుటాలు లేని ఒత్తైన ఆ సాదా నేత, పక్కన ఏది పెట్టినా దాన్ని పైకి తెస్తుంది. పొందూరు ఖద్దరుది మరో తీరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, సన్నని నూలు వడుకుతారు. చేతి వడుకులోని చిన్న చిన్న హెచ్చుతగ్గులు కంటికి దాదాపు కనబడవు గాని, వేలికి తెలుస్తాయి. మిల్లు బట్టకూ దానికీ తేడాను చూపు లేని నా సహోద్యోగి ఒకరు ఎన్నడూ పొరపడకుండా చెబుతారు. నరసాపురం లేసు అల్లిక ఇంచుమించు స్పర్శ కోసమే పుట్టినట్లుంటుంది, రంధ్రాన్నీ దారాన్నీ లెక్కపెట్టుకోవచ్చు. భుజం మీదో జేబు అంచునో వాడితే గుర్తుగానూ పనిచేస్తుంది. లంబాడీ కుట్టులో అద్దాలు, గవ్వలు, నాణేలు ఉంటాయి కనుక చల్లదనమూ బరువూ చప్పుడూ మూడూ వస్తాయి. దాన్ని వాడేటప్పుడు మాత్రం ఆ కుట్టు కుట్టే స్త్రీలతోనే చేయించండి, వారి పేరు చెప్పి ప్రదర్శించండి.

బట్ట గుణాన్ని రాసుకోవడానికి భాష కావాలి. జపాన్‌లో 1970లలో సూఎవో కవబాతా అనే శాస్త్రవేత్త, అనుభవం ఉన్న పనివారు చేత్తో పట్టి చెప్పే మాటలను సేకరించి, వాటికి సరిపడే కొలతలు తీసే యంత్రాలను తయారుచేశాడు. కోషి అంటే వంచితే ఎదురు తిరిగే బిగువు, నుమేరి అంటే నునుపు, ఫుకురామి అంటే నిండుదనం. మనకు ఆ యంత్రాలు అందుబాటులో లేకపోయినా మాటలకు కొదవ లేదు. బిరుసు, జిగి, నేవళం, నూగు, ముతక, పలుచన, దళసరి, ఒత్తు, పెళుసు, జారుడు, గరగర, చిరచిర అనే మాటలన్నీ వేరువేరు అనుభవాలవే. గంజి పెట్టిన పంచె బిరుసూ కొత్త పట్టు బిరుసూ ఒకటి కాదని నేతగాడికి తెలుసు. మీరు 20 సెంటీమీటర్ల చదరపు ముక్కలు 30 కోసి, చూపు లేని నలుగురితో కూర్చుని, ఒక్కొక్క ముక్కకు వారు వాడే మాటను వారి మాటల్లోనే రాసుకోండి. ఈ పనికి రెండు మధ్యాహ్నాలు చాలు. నేను చేసినప్పుడు, "మెత్తన" అన్న మాటను నలుగురూ ఐదారు రకాల బట్టలకు వాడారు, ఆ మాట నాకు పనికిరాలేదు. "ఉడికిన బియ్యంలా" అని ఒకరు ఒక మల్లు బట్టను చెప్పిన తీరు మాత్రం ఇప్పటికీ నా చేతిలో ఉంది.

చప్పుడూ వాసనా స్పర్శకు దగ్గరి చుట్టాలు. పట్టు పెళపెళలాడటం దాని పుట్టుగుణం మాత్రమే కాదు. పలుచని ఆమ్లంలో ముంచి ఆరబెట్టే ప్రక్రియతో ఆ చప్పుడు పెరుగుతుంది. నూనెతో పదును చేసిన నూలుతో నేసే తేలియా రుమాలును వాసనతో గుర్తించవచ్చు. వీటిని మీరు వాడుకోవచ్చు గాని, పరిమితి పాటించాలి. చూపు లేనివారు నడిచేటప్పుడు తమ అడుగుల చప్పుడునూ గోడల నుంచి వచ్చే ప్రతిధ్వనినీ వింటూ నడుస్తారు. ఒంటి మీద గలగలమనే గవ్వల వరుస వారి చెవికి అడ్డం పడుతుంది. అందుకే లంబాడీ కుట్టును కాళ్ళ దగ్గర కాక, సంచీ మీదనో విప్పి పక్కన పెట్టగల పైపొర మీదనో ఉంచండి.

కుట్టుపనిలో చెప్పవలసింది చాలా ఉంది. బట్ట తొడుక్కునేటప్పుడు చేతికి వెంటనే అందవలసిన సమాచారం మూడు విషయాలది. ఏది ముందు, ఏది వెనక. ఏది లోపల, ఏది పైన. ఇది ఏ జతలోది. చొక్కాకు గుండీలు ముందుంటాయి కనుక ఇబ్బంది లేదు. తల మీదుగా వేసుకునే కుర్తాకు వెనక మెడ పట్టీ మీద అడ్డంగా ఒక గట్టి కుట్టు వేస్తే చాలు, వేలు అక్కడికి పోగానే తెలుస్తుంది. లోపలికీ పైకీ తేడా లేకుండా చేయడం ఇంకా మంచిది. జీన్సు ప్యాంటు పక్కన వేసే మడత కుట్టు వాడి, ఓవర్‌లాక్ అంచులు బయటపడకుండా చేస్తే, తిరగేసి తొడుక్కున్నా తప్పు ఉండదు. అటువంటి కుట్టు ఒంటికి గుచ్చుకోదు, ఎక్కువ కాలం మన్నుతుంది. గుండీల వరుసలో అన్నిటికంటే కింది దాన్ని వేరే ఆకారంలో పెట్టండి. కిందినుంచి మొదలుపెట్టి పైకి వస్తే కాజా తప్పదు. నాడాకు రెండు కొనల దగ్గర రెండు రకాల ముడులు వేస్తే, ఒక కొన లోపలికి జారితే ఏది జారిందో తెలుస్తుంది. మన చీర ఈ విషయంలో ఎంత తెలివైన దుస్తో గమనించారా? కుచ్చిళ్ళు ఎవరూ చూస్తూ పెట్టుకోరు, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య జాన కొలతతో పెట్టుకుంటారు. చేతి కొలతతో కట్టే బట్టలు మనకు ముందునుంచీ ఉన్నాయి. మీ ఆరింటిలో ఒకటైనా కట్టేది ఉండాలని నాకు ఆశ.

చేతికర్ర పట్టుకుని నడిచేవారి చెయ్యి రోజంతా ముందుకు చాచి, మణికట్టు దగ్గర అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. ఆ వైపు చేతి అంచు పొడవుగా వేలాడకూడదు, భుజం కుట్టు బిగుతుగా ఉండకూడదు, చున్నీ కొన కర్రకు చుట్టుకోకూడదు. మడిచిన కర్ర పట్టేంత లోతైన జేబు, దాని పక్కనే ఫోను జారిపోకుండా పైన మూత ఉన్న మరో జేబు, రెండింటి అంచుకూ రెండు రకాల అల్లిక, ఇంత చాలు. ఇంకొక చోటు ఉంది. దాన్ని నా దృష్టికి తెచ్చింది ఆ ఉపాధ్యాయురాలే. తోడు నడిచేవారి మోచేతిని పట్టుకుని చూపు లేనివారు అర అడుగు వెనకగా నడుస్తారు. అంటే ఆమె జీవితంలో అత్యంత ఎక్కువసేపు తాకే బట్ట ఆమెది కాదు, పక్కన నడిచే స్నేహితురాలి చేతి మీది బట్ట. ఆ మాట విన్న తరువాత, మోచేతి దగ్గర ఒత్తైన అల్లిక ఉన్న చొక్కాను చూపున్నవారి కోసం కుట్టాను. ఒక జతను ఇద్దరు మనుషులకు కలిపి రూపొందించడం గురించి ఆలోచించండి. మీ విషయానికి ఇంతకంటే సరిపోయేది నాకు తోచడం లేదు.

నల్లరంగు, గంతల సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అద్దాలు పెట్టుకున్నా మెరుగైన కంటిలో చూపు 3/60 (మామూలు చూపుకు 60 మీటర్ల నుంచి తెలిసేది 3 మీటర్ల నుంచి గాని తెలియకపోవడం) కంటే తక్కువ ఉన్నవారిని గాని, చూపు పరిధి 10 డిగ్రీలకంటే తక్కువ ఉన్నవారిని గాని కూడా అంధులుగానే లెక్కిస్తుంది. అంటే ఆ మాట కింద వచ్చేవారిలో ఎంతోమందికి వెలుగు, నీడ, పెద్ద రంగుల తేడా తెలుస్తాయి. పుట్టుకతో చూపు లేనివారు నలుపునూ చూడరు, మన మోచేయి దేన్నీ చూడనట్లే. కాబట్టి అంధత్వమంటే చీకటి అన్నది చూపున్నవారి ఊహ. ముదురు బట్ట మీద లేత అంచు, మెరుపు తక్కువ ఉన్న రంగులు కొంత చూపు ఉన్నవారికి నిజంగా ఉపయోగపడతాయి. నలుపును ఆ కారణం చేత వాడితే వాడండి, దుఃఖానికి గుర్తుగా మాత్రం వద్దు. గంతలు కట్టుకున్న మనిషికి తెలిసేది ఇప్పుడే చూపు పోయినవాడి కంగారు. ఇరవై ఏళ్ళుగా చూపు లేకుండా వంట చేసి, ఉద్యోగం చేసి, బస్సులు మారిన మనిషి నేర్పు ఆ గంతల్లో ఎక్కడా ఉండదు. వారికి ఏదో అదనపు ఇంద్రియం ఉందనడమూ సరికాదు. బ్రెయిలీ చదివేటప్పుడు అంధుల మెదడులో చూపుకు సంబంధించిన భాగం కూడా పనిచేస్తుందని 1996లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. చూపు లేని జీవితానికీ సాధనకూ మెదడు సర్దుకున్న తీరు అది.

కనుక మొదటి గుడ్డ కోయకముందే ఇద్దరు చూపు లేని సహచరులను పెట్టుకోండి, ఒకరు పుట్టుకతో చూపు లేనివారు, ఒకరు పెద్దయ్యాక పోయినవారు అయితే మంచిది. వారికి దారి ఖర్చులే కాక పనికి రుసుము ఇవ్వండి, మీ బడ్జెట్ కాగితంలో దర్జీ కూలి పక్కనే అది ఉండాలి. నమూనా వారి చేతికి ఇచ్చినప్పుడు "బాగుందా" అని అడగకండి. మర్యాద కోసం బాగుందనే అంటారు. ఒకే కత్తిరింపు ఉన్న మూడు కుర్తాలు ఇచ్చి ఏది ఏదో చెప్పమనండి, తొడుక్కోమనండి, చెయ్యి ముందుగా ఎక్కడికి పోయిందో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కు వచ్చిందో రాసుకోండి. అవే కుర్తాలను పదిసార్లు ఉతికి, ఇస్త్రీ లేకుండా మళ్ళీ ఇవ్వండి. గంజి పోతుంది, నూలు ఉబ్బుతుంది, పట్టు నలుగుతుంది, మొదటి రోజు చేతికి తేటగా తెలిసిన తేడాలు సగం మాసిపోతాయి. మిగిలిన సగంతోనే మీ దుస్తులు చేయండి.

మూడో ప్రశ్న ప్రదర్శన గురించి. మోడళ్ళు నడిచి వెళ్ళిపోయే వేదిక మీద స్పర్శకు తావు లేదు, మనిషి ఒంటి మీద ఉన్న బట్టను పరాయివారు తాకడం ఏ విధంగానూ సముచితం కాదు. మీ కళాశాల నడక తప్పనిసరి అంటే నడిపించండి, కాని ఆరు జతలకూ రెండో ప్రతి కుట్టించి, పక్క గదిలో దర్జీ బొమ్మల మీద, భుజాలు నేలకు సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా నిలబెట్టండి. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడేంత చోటు వదలండి. గది గుమ్మం నుంచి మొదటి బొమ్మ వరకూ నేల మీద జనపనార పట్టీ పరిస్తే కాలికే దారి తెలుస్తుంది. ఒక్కొక్క జతకు తెలుగులో రెండు నిమిషాల మాటల వివరణ రికార్డు చేయండి. అందులో మీ ప్రేరణ గురించి కాక, చెయ్యి భుజం నుంచి ఏ దారిన కిందికి రావాలో, ఎక్కడ ఏది మారుతుందో, ఏ రంగు ఎక్కడుందో చెప్పాలి. ఆ గొంతు మీ సహచరుల్లో ఒకరిదైతే మంచిది. వచ్చినవారికి చేతులు కడుక్కుని తుడుచుకోవడానికి గుమ్మం దగ్గర నీళ్ళూ తువ్వాలూ పెట్టండి, ఎందుకంటే 200 చేతులు పడ్డాక పట్టు అంచు జిడ్డెక్కి దాని చల్లదనం పోతుంది. నా ప్రదర్శనలో రెండో రోజు మధ్యాహ్నానికి గద్వాల అంచు అలాగే మొద్దుబారింది, మూడో రోజు కోసం ఆ ఒక్క ముక్కకు మరో ప్రతి రాత్రికి రాత్రి కుట్టుకోవలసి వచ్చింది. మీరు ముందే రెండు కుట్టి ఉంచుకోండి.